యూకేజీ బాబుకు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) రాశారు. అక్కడ అసలు ఏం చేస్తారు?

తంగేడుపువ్వు (నల్గొండ)
16 జూన్ 2025, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. మా బాబుకు నాలుగేళ్ల ఎనిమిది నెలలు. బడి తెరిచి మూడు రోజులు కూడా సరిగా కాలేదు, ఇవాళ యూకేజీ టీచర్ పిలిచింది. పెన్సిల్ పిడికిలితో పట్టుకుంటాడు, రెండు గీతలు గీసి పడేస్తాడు. ప్రార్థనలో మైకు పెట్టగానే చెవులు మూసుకుని కింద కూర్చుంటాడు. టిఫిన్ డబ్బా మూత తియ్యరాక తినకుండానే ఇంటికి తెస్తాడు. పోయినేడు ఎల్‌కేజీలోనూ ఇంతేనట, చిన్నోడు కదా అని మాకు చెప్పలేదట. నేనేమో అన్నం నచ్చక తెస్తున్నాడనుకుని ఏడాదంతా తిట్టా.

ఎండాకాలంలోనే పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించాం. చెవి పరీక్ష చేయించారు, బాగుంది. కళ్లు బాగున్నాయి. చీటీ మీద ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అని రాశారు. మేం పట్టించుకోలేదు. మా మామయ్య ఇవాళ ఆ చీటీ తీసి చూసి, ‘ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం గదమ్మా, నాలుగేండ్ల పిలగానికి ఉద్యోగమేంది’ అన్నాడు. నవ్వొచ్చింది గానీ నా డౌటూ అదే. మందులిస్తారా? కరెంటు పెడతారా? ఎన్ని నెలలు తిరగాలి? మా ఆయన మాత్రం ‘నేను గూడ చిన్నప్పుడు గిట్లనే ఉంటినట, ఇప్పుడు బ్యాంకుల పని చేస్తలేనా’ అంటున్నాడు.

తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.


పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్)
16 జూన్ 2025, రాత్రి 11:15

మందులు లేవు, సూదులు లేవు, కరెంటు అసలే లేదు. ముందు పడుకో చెల్లీ.

మా పాపకు తొమ్మిదేళ్లు, ఆటిజం. నాలుగో ఏట ఓటీ మొదలుపెట్టాం. మొదటిరోజు నేను దవాఖాన బల్ల, తెల్లకోటు ఊహించుకుని పోయిన. చూస్తే ఒక ఉయ్యాల, పెద్ద రబ్బరు బంతి, ఒక ప్లాస్టిక్ టబ్బు నిండా జొన్నలు. ఆ జొన్నల్లో గవ్వలు, గుండీలు దాచిపెట్టి వెతకమన్నది థెరపిస్టు మేడం. నలభై ఐదు నిమిషాలు అదే. బయటికొచ్చి మా ఆయనతో ‘ఆడిపించుడుకు 500 రూపాయలా? జొన్నలు మనింట్ల లేవా’ అన్న. నిజంగా కోపమొచ్చింది.

మూడు నాలుగు వారాలకు అర్థమైంది. మా పాప అప్పటిదాకా అన్నం చేత్తో ముట్టేది కాదు. తడి తగిలితే చాలు, చెయ్యి గౌనుకు తుడుచుకుని ఏడ్చేది. ఆ మేడం మొదట ఎండు జొన్నలు, తర్వాత రవ్వ, ఆ తర్వాత తడిపిన పిండి, ఆఖరికి పెరుగన్నం, ఇట్ల ఒక్కో మెట్టు ఎక్కించింది. పెరుగన్నం దాకా రావడానికి ఐదు నెలలు పట్టింది. మాకు ఆ ఐదు నెలలు జొన్నలతో ఆటలాగే కనిపించింది.


ఓటీ_అక్క (హైదరాబాద్, సొంతూరు మిర్యాలగూడ)
17 జూన్ 2025, ఉదయం 6:50

నేను ఓటీని, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టును, పిల్లలతోనే పదకొండేళ్లుగా పని. తంగేడుపువ్వు గారూ, మీ మామయ్య గారి ప్రశ్న సరైనదే. ఆక్యుపేషన్ అంటే ఇక్కడ జీతం వచ్చే కొలువు కాదు, మనిషి రోజంతా చేసే పనులు. నాలుగున్నరేళ్ల పిల్లాడి పనులేంటి? తినడం, చొక్కా వేసుకోవడం, దొడ్డికి పోయి కడుక్కోవడం, ఆడుకోవడం, బడిలో కూర్చోవడం, నిద్రపోవడం. వీటిలో ఏది ఎక్కడ ఆగిపోతుందో చూసి, దాన్ని చేయించడమే మా పని. ఫిజియో వాళ్లు ఎక్కువగా నడక, కండరాలు, కీళ్ల మీద పనిచేస్తారు. స్పీచ్ వాళ్లు మాట, మింగడం చూస్తారు. కొంతమంది పిల్లలకు ముగ్గురూ కావాలి, చాలామందికి ఒక్కరు చాలు.

మొదటిసారి పోతే గంట దాకా పడుతుంది. సగం సమయం మీతోనే మాట్లాడతారు: కాన్పు ఎట్లా అయింది, ఎప్పుడు పాకాడు, ఏం తింటాడు, ఏం తినడు, ఎట్లా నిద్రపోతాడు. మిగతా సగం వాడిని ఆడనిచ్చి చూస్తారు. గీతలు, బొమ్మలు గీయిస్తారు. దీనికో లెక్క ఉంది. పిల్లలు సుమారు మూడేళ్లకు గుండ్రం చూసి గీస్తారు, నాలుగేళ్లకు ప్లస్ గుర్తు, నాలుగున్నరకు అటూ ఇటూగా చదరం, ఐదేళ్లకు త్రికోణం. ప్లస్ గుర్తు రాని చేతికి ‘అ’ రాయమని కాపీ పుస్తకం ఇస్తే ఆ చెయ్యి ఏం చేస్తుంది? మన బళ్లలో మూడున్నరేళ్లకే గొలుసుకట్టు రాయిస్తున్నారు, ఆ గొడవ ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది, వదిలేద్దాం.

కాబట్టి నాలుగు ముక్కలు చెప్పండి. బాబు చెంచాతో తింటాడా? మెట్లు ఒక్కో కాలు మార్చి ఎక్కుతాడా? ఎంగిలి చేతులు, బురద, ఇసుక ముట్టుకుంటాడా? మిక్సీ వేస్తే ఏం చేస్తాడు? పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసి, మీతో ముచ్చట పెడతాడా?

ఇక మీ ఆయన మాట, అది అందరూ అనే ‘మగపిల్లలు లేటు’ లాంటిదే. కొందరు తర్వాత అందుకుంటారు, నిజమే. కానీ ఏడాదిగా తిండి తినకుండా డబ్బా వెనక్కి తెస్తున్నాడంటే వాడికి ఇప్పటికే ఇబ్బంది ఉన్నట్టు కదా. చూపించుకుంటే పోయేదేం లేదు.


తంగేడుపువ్వు
17 జూన్ 2025, మధ్యాహ్నం 1:20

థాంక్స్ అక్కా. చెంచాతో తింటాడు, సగం కింద పోస్తాడు. మెట్లు రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టి ఎక్కుతాడు. ఇసుకలో ఆడతాడు, బాధ లేదు. మిక్సీ వేస్తే వేరే రూముకు ఉరుకుతాడు. ముచ్చట మాత్రం ఆపకుండా పెడతాడు, మా వీధిలో అందరి బండ్ల నంబర్లు చెప్తాడు. గుండీలు రావు, జిప్పు రాదు.


దేవరకొండ_నాన్న
17 జూన్ 2025, రాత్రి 9:05

నేను వేరే మాట చెప్తా, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. మా బాబుకు ఆరేళ్లు. హైదరాబాద్‌లో ఒక సెంటర్‌లో చేర్పించినం, పేరు ఇక్కడ రాయను. ఆరు నెలల ప్యాకేజీ ముందే కట్టించుకున్నరు. వారానికి రెండు రోజులు బస్సులో రానూపోనూ, నేను దుకాణం మూసుకుని. పిల్లగాన్ని లోపలికి తీసుకపోయి తలుపు వేస్తరు, మమ్మల్ని బయట కుర్చీల్లో కూర్చోబెడతరు. బయటికొచ్చినంక అడిగితే ‘సెన్సరీ చేసినం సార్, బాగా కోఆపరేట్ చేసిండు’ ఇదే మాట. ప్రతిసారీ ఇదే. ఆరు నెలల తర్వాత ఏం మారింది అంటే మావోడు ఉయ్యాల ఎక్కడం నేర్చుకున్నడు. ఉయ్యాల మా ఊర్లో చింతచెట్టుకు ఉన్నది.

ఇంకా ఆరు నెలలు కట్టమన్నరు. నేను మానేసిన. ఇప్పుడు నాకే అనుమానం, తప్పు చేసిన్నా అని.


జొన్నరొట్టె (నారాయణపేట)
17 జూన్ 2025, రాత్రి 9:40

అన్నా, మా అక్కవాళ్లకు కూడా సేమ్ స్టోరీ. తలుపు ఎందుకు వేస్తారో ఇప్పటికీ అర్థం కాదు.


ఓటీ_అక్క
18 జూన్ 2025, ఉదయం 7:10

దేవరకొండ అన్నా, కోపమెందుకు. మీరు చెప్పినట్టు జరిగే చోట్లు ఉన్నాయి, మా వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు సిగ్గుగానే ఉంది.

ఉయ్యాల సంగతి చెప్తా. శరీరం నుంచి వచ్చే కదలిక, స్పర్శ, శబ్దం ఇవన్నీ మెదడు సరిగా కూర్చుకోలేకపోతే నేర్చుకోవడం కష్టమవుతుందని జీన్ ఏర్స్ అనే అమెరికన్ ఓటీ 1972లో పుస్తకం రాసింది. ఉయ్యాలలు, బంతులు, మీకు చెప్పిన ఆ ‘సెన్సరీ’ అక్కడి నుంచి వచ్చినవే. కొంతమంది పిల్లలకు అవి ఉపయోగపడతాయి, ముఖ్యంగా పనిలో కూర్చునే ముందు కుదురు రావడానికి. కానీ అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే చెప్పింది: వీటి మీద పరిశోధన తక్కువ, మొత్తం చికిత్సలో ఇవి ఒక భాగంగా ఉండొచ్చు, ఆ విషయం తల్లిదండ్రులకు చెప్పాలి, ఫలానా గడువులో ఫలానా మార్పు వస్తుందా అని చూసుకోవాలి అని. అంటే ఉయ్యాల దగ్గర మొదలుపెట్టొచ్చు, ఆరు నెలలు ఉయ్యాల మీదే ఉంచకూడదు.

ఎక్కడికి పోయినా ఒక మాట అడగండి: ‘మూడు నెలలకు మావాడు ఏ పని చేస్తాడు?’ జవాబులో ఒక పని పేరు వినబడాలి. ‘పైన రెండు గుండీలు తనే పెట్టుకుంటాడు’, ‘పది నిమిషాలు కూర్చుని తింటాడు’, ఇట్లా. ‘సెన్సరీ ఇంప్రూవ్ అవుతుంది’ అంటే అది జవాబు కాదు. మేం వాడే ఒక పద్ధతిలో తల్లిదండ్రులనే అడుగుతాం, ఈ పని ఇప్పుడు పదికి ఎంత బాగా చేస్తున్నాడు, మీకు పదికి ఎంత తృప్తి అని. మూడు నెలలకు అదే ప్రశ్న మళ్లీ వేస్తాం. అంకె కదలకపోతే తప్పు మా ప్లాన్‌ది, పిల్లాడిది కాదు.

రెండోది, మిమ్మల్ని లోపల కూర్చోనివ్వాలి. వారంలో నేను వాడిని చూసేది గంటన్నర. మిగతాదంతా మీ దగ్గరే ఉంటాడు. నేను ఏం చేశానో మీకు తెలియకపోతే ఆ గంటన్నర నీళ్లలో పోసినట్టే. కొందరు పిల్లలు అమ్మ ఉంటే పని చేయరు, నిజమే, అప్పుడు చివరి పది నిమిషాలైనా పిలవాలి.

మూడోది చదువు. ఓటీ డిగ్రీ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి. అఖిల భారత ఓటీల సంఘం 1952 నుంచి ఉంది, అందులో సభ్యత్వం నంబర్ ఉందా అని అడగొచ్చు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. మూడు నెలల ‘థెరపీ కోర్సు’ చేసి బోర్డు పెట్టినవాళ్లు ఉన్నారు.

మానేసి తప్పేం చేయలేదు మీరు. కాకపోతే ఆ చోటు మానేశారు గానీ బాబు అవసరం అట్లాగే ఉంది కదా. వాడు ఇప్పుడు ఏ పని చేయలేక ఇబ్బంది పడుతున్నాడు?


దేవరకొండ_నాన్న
18 జూన్ 2025, రాత్రి 8:30

లెట్రిన్‌కు పోయి కడుక్కోడు మేడం. ఆరేళ్లు. బళ్లో ఎవరూ కడగరు. అందుకే రోజూ పన్నెండింటికి మా ఆవిడ బడికి పోయి కూర్చుంటది. ఆ సెంటర్‌లో ఈ మాట ఎవరూ అడగలే, మేమూ చెప్పలే. ఇది కూడా వాళ్ల పనే అని తెల్వదు.


ఓటీ_అక్క
18 జూన్ 2025, రాత్రి 8:52

అదే అసలు పని అన్నా. అది మీ మొదటి లక్ష్యం అని రాయించుకోండి, ఎక్కడికి పోయినా.


భవిత_మాస్టారు (నాగర్‌కర్నూల్ జిల్లా)
19 జూన్ 2025, సాయంత్రం 5:30

నమస్తే. నేను సమగ్ర శిక్షలో ఐఈఆర్పీని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పేవాణ్ని, ఆ పిల్లల కోసమే ఉన్న మండల భవిత కేంద్రంలో పనిచేస్తా. అందరూ ప్రైవేటు గురించే మాట్లాడుతున్నరు, సర్కారు దారులు కూడా రాస్తా.

అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బళ్లకు ఒకసారి ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం వస్తది. 2013లో మొదలైన కేంద్ర పథకం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా చూస్తరు. ఎదుగుదలలో తేడా కనిపిస్తే జిల్లాలో ‘డైక్’ అనే సెంటర్‌కు రాస్తరు, అంటే జిల్లా సత్వర చికిత్స కేంద్రం. అక్కడ పరీక్షలు, థెరపీ ఉచితం. చీటీ లేకున్నా నేరుగా పోవచ్చు. ఓటీ పోస్టు అన్నిచోట్ల నిండి ఉండదు, అందుకని ముందు ఫోన్ చేసి ఓటీ ఏ రోజుల్లో ఉంటరో అడిగి పొండి. మా మండలం నుంచి పోయిన ఒకామె రెండుసార్లు ఉత్తగనే తిరిగొచ్చింది.

మా భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు వారానికి ఒకరోజు వస్తరు, ఓటీ ఉండరు. మేం చదువు, రోజువారీ పనులు నేర్పిస్తం. మంచం దిగలేని పిల్లలుంటే ఇంటికే పోతం.

పెద్ద పరీక్ష కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ, పాతవాళ్లు ఎన్‌ఐఎంహెచ్ అంటరు. డాక్టర్, సైకాలజిస్టు, ఓటీ, స్పీచ్ అన్నీ ఒకే ఆవరణలో. మహబూబ్‌నగర్, నల్గొండ రెండు వైపుల నుంచి వంద కిలోమీటర్లు అటూ ఇటూ. తెల్లారి బస్సుకు పోతే సాయంత్రానికి వస్తరు. ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు గదా, 2023 డిసెంబర్ నుంచి మా దగ్గర థెరపీకి పోయే తల్లులు పెరిగిన్రు. ఇది నా కళ్లతో చూసింది.

వైకల్యం 40 శాతం, ఆ పైన ఉందని సర్టిఫికెట్ వస్తే ఆసరా పింఛన్ నెలకు 4,016 రూపాయలు. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు మీసేవలో దరఖాస్తు చేయిస్తరు, తర్వాత దవాఖానలో చూస్తరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లు చేతులు సరిగా కదలకపోవడం), మేధో వైకల్యం ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమా ఉంది, లక్ష రూపాయల దాకా. తంగేడుపువ్వు అమ్మా, మీ బాబుకు ఇవి పనికిరాకపోవచ్చు, కంగారుపడకు. చదివేవాళ్లలో ఎవరికైనా కావాలని రాసిన.


అచ్చంపేట_తమ్ముడు
20 జూన్ 2025, రాత్రి 10:10

మాస్టారు నమస్తే. మా అక్క బిడ్డకు ఐదేళ్లు. అక్క, బావ పుణెలో సెంట్రింగ్ పనికి పోయిన్రు, బిడ్డ మా అమ్మ దగ్గరే ఉంటది. పుట్టినప్పుడు ఏడ్వలేదు, కుడి చెయ్యి పిడికిలి ముడిచే ఉంటది, కుడికాలు కొంచెం ఈడుస్తది. సెరిబ్రల్ పాల్సీ అన్నరు. అన్ని పనులు ఎడమ చేత్తోనే చేస్తది, కుడి చెయ్యి ఉన్నదన్న సంగతే మర్చిపోయినట్టు ఉంటది. ఒక క్యాంపులో ఎవరో ‘మంచి చేతికి సాక్సు తొడిగి కట్టేయండి, చెడ్డ చెయ్యి పనిచేస్తది’ అన్నరు. మా అమ్మ రెండు రోజులు కట్టింది. బిడ్డ అన్నం తినక, ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. అమ్మ కూడా ఏడ్చింది. అది మోసమా, నిజమా?


ఓటీ_అక్క
21 జూన్ 2025, ఉదయం 7:25

తమ్ముడూ, నిజమే, కానీ సగమే చెప్పారు మీకు. దాన్ని బాగా పరిశోధించారు. సెరిబ్రల్ పాల్సీ చికిత్సల మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఆస్ట్రేలియా వాళ్లు 2013లో ఒకసారి, 2020లో ఇంకోసారి వడపోశారు. పనికొస్తాయని తేలినవాటిలో ఇదొకటి. మంచి చెయ్యిని కొంతసేపు ఆపి రెండో చెయ్యితో ఆడించడం, రెండు చేతులూ కావాల్సిన పనులు చేయించడం, ఇంట్లోనే ఒక లక్ష్యం పెట్టుకుని రోజూ సాధన చేయించడం, మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. ఊరికే చెయ్యి పట్టుకుని సాగదీయడం మాత్రం అందులో వెనకబడింది.

కానీ రోజంతా కట్టేయడం కాదు. తినేటప్పుడు కాదు, నడిచేటప్పుడు అసలే కాదు, పడితే ఆపుకునే చెయ్యి అదే. కూర్చోబెట్టి, పిల్లకు బాగా ఇష్టమైన ఆట ముందర పెట్టి, చేతికి మెత్తటి తొడుగు వేసి, మొదట పావుగంట. కుడి చేత్తో చేయగలిగిన ఆటే ఇవ్వాలి, గెలిచేట్టు ఉండాలి. ఎంతసేపు, ఎన్ని వారాలు అనేది ఓటీ చూసి చెప్పాలి. అప్పటిదాకా అమ్మకు ఒకటే చెప్పు: రొట్టె పిండి పిసికేటప్పుడు ఒక ముద్ద బిడ్డకు ఇచ్చి, కుడి చెయ్యి పళ్లెం అంచు మీద పెట్టించి, ఎడమ చేత్తో పిసకమనాలి. కుడి చెయ్యి పళ్లెం కదలకుండా పట్టుకుంటే చాలు, ఆ చేతికి అదే ఉద్యోగం.

ఐదేళ్లంటే సమయం మించిపోలేదు. పిడికిలి బిగుసుకుపోకుండా రాత్రిపూట పెట్టే స్ప్లింట్ (చెయ్యిని చాపి ఉంచే పట్టీ) అవసరమేమో కూడా అడగండి. ఫిట్స్ మాత్రలు ఏవైనా వాడుతుంటే థెరపీ మొదలైందని ఆపొద్దు.


భవిత_మాస్టారు
21 జూన్ 2025, ఉదయం 9:00

తమ్ముడు, నాకు మెసేజ్ పెట్టు. అచ్చంపేట భవితలో మావాళ్లతో మాట్లాడిస్తా, నాయనమ్మను రమ్మను.


అచ్చంపేట_తమ్ముడు
21 జూన్ 2025, ఉదయం 9:04

అమ్మమ్మ సార్ 🙂 పెట్టిన.


(మోడరేటర్: ఇక్కడ ఆటిజానికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల ప్రకటన, ఫోన్ నంబర్‌తో సహా ఒకరు పెట్టారు. తీసేశాం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స ఆమోదించినది కాదు, పరిశోధనకు బయట డబ్బు తీసుకుని చేయకూడదు. మళ్లీ పెడితే సభ్యత్వం తీసేస్తాం.)


జొన్నరొట్టె
22 జూన్ 2025, మధ్యాహ్నం 2:45

తంగేడుపువ్వు అక్కా, అపాయింట్‌మెంట్ దొరికేలోపు మావోడికి మేం చేసినవి రాస్తా. మావోడు కూడా పెన్సిల్ పిడికిలి బ్యాచే.

పెన్సిల్ దాచిపెట్టేయ్. పలక, బలపం తే. కొత్త బలపం పొడవుగా ఇవ్వకు, విరగ్గొట్టి గోరంత ముక్క ఇయ్యి. అంత చిన్న ముక్కను పిడికిలితో పట్టుకోలేరు, మూడు వేళ్లతో పట్టుకోవాల్సిందే. మా ఓటీ ఈ మాట చెప్తే మా అత్తమ్మ పకపకా నవ్వింది, ‘మేం పేదోళ్లం గాబట్టి ముక్కలతో రాసినం, గదే మంచిదా’ అని. పలక గరుకు, బలపం గీస్తుంటే చేతికి తెలుస్తది, నున్నటి కాగితం మీద అంత తెల్వదు.

రెండోది, రంగులేసే కుంచె, చెంబుల నీళ్లు ఇచ్చి బయట గోడ మీద రాయమను. ఎండకు ఆరిపోతది, మళ్లీ రాస్తడు. నిలబడి గోడ మీద రాస్తే మణికట్టు గట్టిపడతదట. మావోడు ఇంటి ముందర గోడంతా రాసి, పక్కింటి గోడకు కూడా పోయిండు, గొడవైంది, అది వేరే సంగతి.

పల్లికాయ వొలిపించడం, బట్టల క్లిప్పులు దండెం మీద పెట్టించడం, సీతాఫలాల కాలంలో గింజలు తీయించడం కూడా.


ఓటీ_అక్క
22 జూన్ 2025, సాయంత్రం 4:10

జొన్నరొట్టె చెల్లెలికి నా ఫీజులో సగం ఇవ్వాలి. రెండు జాగ్రత్తలు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పిల్లలకు పల్లీలు, గింజలు, గుండీలు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. ఇంకోటి, రాసేటప్పుడు కాళ్లు గాల్లో వేలాడకూడదు. బడి బెంచీ ఎత్తుగా ఉంటే కాళ్ల కింద చెక్కపీట పెట్టమని టీచర్‌ను అడగండి. కాళ్లు ఆనకపోతే నడుము కుదరదు, నడుము కుదరకపోతే చెయ్యి ఆడదు. చాలామంది ‘కుదురు లేని’ పిల్లలు పీట పెట్టగానే పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటారు.


తంగేడుపువ్వు
9 జూలై 2025, రాత్రి 10:20

మొన్న చూపించుకుని వచ్చాం. ఫోన్‌లోనే ‘టిఫిన్ డబ్బా, యూనిఫాం చొక్కా, బడి పుస్తకం తీసుకురండి’ అన్నారు. నాకు అప్పుడే సగం ధైర్యం వచ్చింది. నన్ను లోపలే కూర్చోబెట్టారు. బాబు మొదటి పావుగంట నా కొంగు వదల్లేదు. ఆ మేడం వాడి జోలికే పోలేదు, పక్కన కూర్చుని బొమ్మ బండికి నంబర్ ప్లేటు రాసుకుంటూ కూర్చుంది. ‘టీఎస్ 05’ అని తప్పు చోట రాసింది. వీడు పోయి దిద్దాడు!

ఆటిజం అనిపించట్లేదు, కానీ రెండోసారి చూస్తాను, డాక్టర్‌తో కూడా మాట్లాడతాను అన్నారు. చేతులు, నడుము బలం తక్కువ, వరుసగా చేసే పనులు ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకోవడం కష్టంగా ఉంది, శబ్దాలకు భయం ఎక్కువ అన్నారు. పేరు ఏం పెట్టాలని అడిగితే ‘ఐదేళ్లు నిండాక చూద్దాం, ఇప్పుడు పేరు కంటే పని ముఖ్యం’ అన్నారు. నాకు పేరు కావాలనిపించింది, అబద్ధం ఎందుకు. పేరుంటే మా ఆయనకు చెప్పడం తేలిక.

మూడు నెలలకు మూడు పనులు రాశాం: డబ్బా తెరవడం, చొక్కా గుండీలు, ప్రార్థనలో నిలబడడం. పదికి ఎంత అంటే డబ్బాకు 1 వేశా, గుండీలకు 1, ప్రార్థనకు 2. రాతను కావాలనే జాబితాలో పెట్టలేదు. బడివాళ్లు ఒప్పుకోరేమో అన్నా. వారానికి ఒకసారి రండి, 600, ఇంట్లో రోజూ పావుగంట చేయించాలి, చేయించకపోతే రావద్దు అని నవ్వుతూనే చెప్పారు.

గుండీ ఎట్లా నేర్పాలో చూపించారు. నేను ఇన్నాళ్లూ పైగుండీ నుంచి మొదలుపెట్టి ‘పెట్టు, పెట్టు’ అని వెంటపడేదాన్ని. ఆమె కింది నుంచి రెండోది పట్టుకున్నారు, అది వాడికి కనిపిస్తుందని. గుండీని తనే సగం రంధ్రంలోకి దూర్చి, అవతలి సగం బయటికి కనిపించేట్టు పట్టుకుని ‘లాగు’ అన్నారు. లాగాడు. అయిపోయింది. ‘పెట్టుకున్నావు’ అన్నారు. వాడు నా వైపు చూసిన చూపు... సరే. ఇప్పుడు వారమంతా లాగడమే. అది చెయ్యి తిరిగాక దూర్చడం సగం, ఆ తర్వాత మొత్తం. చివరి ముక్క ముందు నేర్పి, వెనక్కి వెళ్లాలట.


పిల్లలమర్రి_నీడ
9 జూలై 2025, రాత్రి 10:48

మా పాపకు చెప్పులు ఇట్లనే నేర్పింది మా మేడం. ఒక మాట ముందే చెప్తా చెల్లీ, నెలన్నర దాకా బాగుంటది, తర్వాత ఒక జ్వరమో, పండగ సెలవులో వచ్చి మొత్తం మర్చిపోయినట్టు చేస్తరు. మేం దసరాకు పది రోజులు మా అమ్మగారింటికి పోయొస్తే పెరుగన్నం మళ్లీ ముట్టలేదు. ఏడ్చిన. రెండు వారాల్లో మళ్లీ వచ్చింది. అది తెలియక మధ్యలో మానేసేవాళ్లు మస్తుమంది.

మా పాప సంగతి కూడా చెప్పాలి గదా. ఐదేళ్ల తర్వాత ఇప్పుడు తనే తింటది, స్నానం సగం చేస్తది, బట్టలు వేసుకుంటది. మాట చాలా తక్కువ. ఆటిజం పోలేదు. మొదట్లో పోతదనుకున్నం.


దేవరకొండ_నాన్న
30 జూలై 2025, రాత్రి 9:30

నల్గొండలో ఇంకో ఓటీని చూపించినం. మొదటి ప్రశ్న అదే అడిగిన, మూడు నెలలకు ఏ పని అని. ఆమె ఒక చార్టు గీసి ఇచ్చింది. బాత్రూమ్ గోడకు అంటించినం, ఆరు బొమ్మలు: కూర్చో, మగ్గు పట్టు, నీళ్లు పొయ్యి, చేత్తో కడుగు, మళ్లీ నీళ్లు, సబ్బు. మొదటి వారం సబ్బు ఒక్కటే వాడి పని, మిగతాది వాళ్లమ్మది. మగ్గు పెద్దగా ఉందని చిన్న చెంబు పెట్టమన్నది. చెయ్యి వెనక్కి అందుతలేదట, అందుకే ఇన్నాళ్లూ చేస్తలేడట! మేం మొండితనం అనుకుని కొట్టినం కూడా. ఇప్పుడు రోజూ కూర్చోబెట్టి, వెనక నుంచి బంతి అందుకునే ఆట ఆడిస్తున్నం.

రెండు నెలలు పడుతదన్నది. చూద్దాం.


తంగేడుపువ్వు
23 సెప్టెంబర్ 2025, రాత్రి 11:05

మూడు నెలలు పూర్తి కాలేదు గానీ రాయాలనిపించింది. నాలుగు గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, మెడ దగ్గరిది నేనే. మధ్యలో జ్వరమొచ్చి పిల్లలమర్రి అక్క చెప్పినట్టే రెండు వారాలు అన్నీ మర్చిపోయాడు. ప్రార్థనలో టీచర్ వాడిని మైకుకు దూరంగా చివరి వరుసలో నిలబెడుతోంది, చెవులు మూసుకుంటాడు గానీ కూర్చోవట్లేదు. పెన్సిల్ ఇంకా సరిగా లేదు. ప్లస్ గుర్తు వచ్చింది. బడివాళ్లు కాపీ రాయలేదని ఎర్ర సున్నా వేసి పంపుతూనే ఉన్నారు, మేడం ఇచ్చిన కాగితం తీసుకుని శనివారం పోయి మాట్లాడాలి.

ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. పోయినేడు డీజే మొదలవగానే ఏడుస్తుంటే మధ్యలోనే ఇంటికి తెచ్చేశా. ఈసారి మా ఆయన ముందే వాడిని తీసుకుని, డప్పులు రాకముందు గ్రౌండ్ చూపించి, ‘ఇక్కడ చప్పుడైతది, చాలనిపిస్తే చెయ్యి పట్టుకుని గుంజు’ అని చెప్పి తెచ్చాడు. ఇరవై నిమిషాలు ఉన్నారు. ఇంట్లో బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు కాడలు తుంపి వరుసగా ఇచ్చింది వీడే. మా ఆయన ఇప్పుడు ‘నేను గూడ గిట్లనే ఉంటి’ అనడం మానలేదు గానీ, ‘నాకు గుండీలు ఎప్పుడొచ్చినయే’ అని వాళ్లమ్మను అడిగాడు. తొమ్మిదేళ్లకట.

డబ్బా మూత తిప్పేది కొన్నాం. తనే తెరిచి తింటున్నాడు. పదికి 7 వేస్తా.


ఓటీ_అక్క
24 సెప్టెంబర్ 2025, ఉదయం 6:40

చాలా సంతోషం. డబ్బా మూత మీరు పూర్తిగా బిగించి పంపుతున్నారా, వదులుగానా?


తంగేడుపువ్వు
24 సెప్టెంబర్ 2025, ఉదయం 7:55

దొరికిపోయా. వదులుగానే. ఇవాళ ఇంకొంచెం బిగించి పంపా అక్కా, పప్పు కూడా పెట్టలేదు, తెరిచేటప్పుడు ఒలికిపోతే మళ్లీ ముట్టడేమోనని పెరుగన్నమే పెట్టా.